29కి తిట్లు, 13కి మెప్పు: రెండూ దండుగే

 

ఈ పోస్టు కొంచెం పెద్దగుంటది. ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి. ఇది ఉద్యోగ నోటిఫికేషన్ గురించి కాదు, స్కాలర్‌షిప్ గురించి కాదు. మన ఇళ్లల్ల చేసే పనిని ఎవరో లెక్కపెట్టి "ఇది బాలేదు" అని పైసలు కోస్తరు కదా, ఆ లెక్క గురించి. డిగ్రీ స్టాటిస్టిక్స్‌లో దీనికి సంబంధించిన పాఠం ఒకటుంది. పేరు కంట్రోల్ చార్టు. పరీక్షలో పది మార్కులకు వస్తది కాబట్టి మేము నేర్చుకున్నం. నేర్చుకున్నంక, ఇది పుస్తకంలో ఉండేది కాదు, మన ఇంట్ల ఉండేది అనిపించింది.

ముందు మేమెవరమో చెప్తం. జగిత్యాలలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న ముగ్గురం. ఒకరిది కోరుట్ల దిక్కు తండా, యాడి బీడీలు చేస్తది. ఒకరిది సారంగాపూర్ దిక్కు నాయకపోడు గూడెం, ఎండకాలం ఇంటిల్లిపాదీ తునికాకు కోస్తరు. ఒకరిది వీర్నపల్లి దిక్కు తండా, అన్న సిరిసిల్లలో సాంచాల మీద పనిచేస్తడు. మూడు ఇళ్లల్లనూ కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. ఎవరిది ఏ మాట అని విడదీయకుండా అంతా "మేము" అనే రాస్తున్నం.

పాఠం మొదటి మాట చాలా మామూలుది. మనిషి చేసినా, మిషిన్ చేసినా, ఏ రెండు వస్తువులూ అచ్చం ఒక్క తీరుగ ఉండవు. ఒక్క చెయ్యి చేసిన రెండు రొట్టెలు ఒక్క తీరుగ ఉంటయా? ఉండవు. అట్లనే రోజుకు ఎన్ని బాగా వచ్చినయి, ఎన్ని చెడిపోయినయి అనే లెక్క కూడా రోజూ మారుతది. ఈ మారుడు రెండు రకాలు. ఒకటి, ఆ పనిలోనే ఉన్న మామూలు హెచ్చుతగ్గు. దానికి ప్రత్యేకంగా ఒక కారణం వెతికితే దొరకదు. రెండోది, కొత్తగా ఏదో జరిగితే వచ్చే మార్పు. ఆకు మారింది, మిషిన్ పళ్ల చక్రం అరిగింది, మనిషికి జ్వరమొచ్చింది, ఇట్లాంటివి. దీన్ని వెతికితే దొరుకుతది. మొదటిదాన్ని చూసి రెండోది అనుకున్నా నష్టమే, రెండోదాన్ని చూసి మొదటిది అనుకున్నా నష్టమే. ఈ రెంటినీ విడదీసే బొమ్మనే కంట్రోల్ చార్టు అంటారు.

ఈ బొమ్మ గీసింది వాల్టర్ షూహార్ట్ అనే అమెరికా ఆయన. ఆయన పనిచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ టెలిఫోన్ సామాన్లు తయారుచేసేది. ఏ చిన్న తేడా కనబడ్డా వెంటనే మిషిన్ సవరించుకుంటూ పోతే తేడా తగ్గకపోగా పెరుగుతున్నదని అక్కడి ఇంజనీర్లు గమనించిన్రు. 1924 మే 16న షూహార్ట్ తన పై అధికారికి ఒక చిన్న కాగితం రాసి ఇచ్చిండు. దాదాపు ఒక పేజీ ఉన్న ఆ రాతలో దాదాపు మూడో వంతు ఒక బొమ్మనే. ఇయ్యాల ప్రపంచంలో చాలా ఫ్యాక్టరీలు వాడేది ఆ బొమ్మనే. 1931లో ఆయన దీని మీద పెద్ద పుస్తకం కూడా రాసిండు.

ఇక మన దిక్కు వద్దాం. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల దిక్కు బీడీల పని తెలియని వాడ ఉండదు. బీడీలు చేసుడంటే ఏందో తెలియని తమ్ముళ్ల కోసం చెప్తున్నం. ఆకును నానబెట్టి, రేకు అచ్చు పెట్టి కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టాలి. 25 బీడీలు ఒక కట్ట. వెయ్యి బీడీలంటే 40 కట్టలు. సెంటర్‌కు తీసుకపోతే అక్కడ లెక్క రాసుకునే ఆయన చూసి, సన్నగున్నయని, వదులుగున్నయని, ఆకు చినిగిందని కొన్ని పక్కన తీసేస్తడు. తీసేసినవాటికి కూలి రాదు. ఆకు, తంబాకు మాత్రం మన లెక్కలోనే పోతయి.

మా యాడి చదువుకోలేదు. కానీ రోజూ ఎన్ని తీసేసిన్రో ఇంట్ల చిన్నోడితోని ఒక నోటుబుక్కులో రాయిస్తది. సెలవులకు పోయినప్పుడు ఆ బుక్కు మాకు కనబడ్డది. అందులోంచి సరిగ్గా వెయ్యి బీడీలు ఇచ్చిన 20 రోజులు వరుసగా తీసుకున్నం. తీసేసిన లెక్క ఇట్లున్నది:

20, 17, 25, 19, 14, 22, 18, 29, 20, 16, 21, 24, 13, 19, 23, 18, 27, 15, 21, 19.

అన్నీ కూడితే 400. ఇరవై రోజులకు 400 అంటే సగటు రోజుకు 20. వెయ్యిలో 20, అంటే 0.02 భాగం. మంచివి 0.98 భాగం. ఇప్పుడు 1000ని 0.02తో, 0.98తో గుణిస్తే 19.6 వస్తది. దాని వర్గమూలం 4.43. దీన్ని సిగ్మా అంటారు, అంటే మామూలుగా ఎంత ఊగుతదో చెప్పే కొలత. మూడు సిగ్మాలు 13.3. సగటుకు కలిపితే పై గీత 33.3. సగటులోంచి తీసేస్తే కింది గీత 6.7. అంతే. గ్రాఫ్ పేపర్ మీద మధ్యలో 20 దగ్గర ఒక గీత, పైన 33 దగ్గర ఒకటి, కింద 7 దగ్గర ఒకటి గీసి, రోజుకో చుక్క పెట్టినం. ఇరవై చుక్కలూ గీతల లోపలనే ఉన్నయి.

దీని అర్థం ఏందంటే, ఈ ఇరవై రోజుల్లో కొత్తగా ఏం జరగలేదు. అదే చెయ్యి, అదే ఆకు, అదే ఇల్లు. లెక్క దానంతట అది ఊగింది.

ఇప్పుడు అసలు సంగతి. ఎనిమిదో రోజు 29 తీసేసిన్రు. ఆ రోజు సెంటర్‌లో లెక్క రాసే ఆయన నలుగురి ముందల యాడిని తిట్టిండు. "చెయ్యి ఏడ పెట్టి చేసినవమ్మా?" అన్నడు. యాడి ఏమన్నదంటే, "నిన్న చేసిన చెయ్యే గదా సారూ ఇది" అన్నది. పదమూడో రోజు 13 మాత్రమే పోయినయి. ఆ రోజు అదే ఆయన "గిట్ల చెయ్యాలె" అని మెచ్చుకున్నడు. మేము ఈ రెండు రోజుల తర్వాతి చుక్కలు చూసినం. 29 తర్వాతి రోజు 20. 13 తర్వాతి రోజు 19. అంటే తిట్టిన తెల్లారి లెక్క బాగయింది, మెచ్చుకున్న తెల్లారి లెక్క చెడింది. ఆయన స్థానంలో ఎవరున్నా ఏమనుకుంటరు? "వీళ్లను తిడితేనే పనిచేస్తరు, మెచ్చుకుంటే నెత్తికెక్కుతరు" అనుకుంటరు. ఆయన అబద్ధమాడుతలేడు, తన కళ్లతో చూసిందే నమ్ముతున్నడు. కానీ ఆ రెండు రోజుల్లో తిట్టుకు, మెప్పుకు ఏ పనీ లేదు. బాగా ఎక్కువ వచ్చిన రోజు తర్వాత లెక్క మళ్లీ సగటు దగ్గరికి దిగుతది. బాగా తక్కువ వచ్చిన రోజు తర్వాత మళ్లీ సగటు దగ్గరికి ఎక్కుతది. తిట్టకున్నా దిగేది, మెచ్చుకోకున్నా ఎక్కేది.

మా తాతల కాలం నుంచి మనల్ని చూసి "తిడితేనే పనిచేస్తరు" అన్నోళ్లు ఎంతమంది ఉన్నరో మీకు తెలుసు. షావుకారు అన్నడు, గుత్తేదారు అన్నడు, బడిలో కూడా కొందరు అన్నరు. ఆ నమ్మకంలో ఎంత భాగం ఇట్లాంటి చుక్కల నుంచే పుట్టిందో అని మేము రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నం.

ఇరవై మూడో రోజు కథ వేరే. ఆ రోజు 46 తీసేసిన్రు. మా పై గీత 33. చుక్క గీత దాటి చాలా పైకి పోయింది. ఇప్పుడు మాత్రం కారణం వెతకాలె. యాడి చెయ్యి అయితే అదే. వాడలో ఇంకో మూడిళ్లల్ల అడిగితే ఆ రోజు వాళ్లకు కూడా ఎప్పటికన్న చాలా ఎక్కువ పోయినయి. నాలుగిళ్లల్ల ఒక్కరోజే చేతులు చెడిపోవు కదా. నలుగురికీ ముందురోజు ఇచ్చింది ఒకే మూటలోని ఆకు. అది బాగా ఎండి పెళుసుగుంది, నానబెట్టినా మడిచేకాడ చినుగుతున్నది.

తునికాకు సంగతి మాలో సారంగాపూర్ దిక్కోళ్లకు బాగా తెలుసు. ఎండకాలంలో తెల్లారకముందే అడవికి పోయి కోసుకొచ్చి, 50 ఆకులకు ఒక కట్ట కట్టి, కల్లంలో ఎండబెడతరు. ఎండ ఎక్కువైతే పెళుసు, వాన పడితే బూజు. ఆకు ఏరేటోళ్లకూ "ఇది బాలేదు" అని కట్టలు పక్కన పడేసేటోళ్లు ఉంటరు. అడవిల ఆకు కోసింది మనోళ్లే, కోరుట్లలో చుట్టేది కూడా మనోళ్లే. మధ్యలో మూటలు ఎక్కడ ఎన్ని దినాలు పడి ఉన్నయో మాత్రం ఇద్దరికీ తెల్వదు. చివరికి కోత పడేది ఇద్దరి కూలిలోనే.

ఆ నాలుగిళ్ల ఆడోళ్లు నోటుబుక్కులు పట్టుకొని కలిసి సెంటర్‌కు పోయిన్రు. గ్రాఫ్ పేపరు కూడా చూపెట్టిన్రు. ఆయన మొదట నవ్విండు. తర్వాత నాలుగు బుక్కులూ పక్కపక్కన పెట్టి చూసుకున్నడు. ఆ మూట ఆకు వాపసు తీసుకొని వేరే ఆకు ఇచ్చిండు. పోయిన కూలి మాత్రం ఇయ్యలేదు. ఉన్నదున్నట్టు చెప్తున్నం, పెద్ద గెలుపు అని రాస్తలేం. కానీ ఆ రోజు "చెయ్యి ఏడ పెట్టినవ్" అనే మాట రాలేదు. ప్రశ్న చేతి మీదికెళ్లి ఆకు మీదికి పోయింది.

ఇక్కడ చట్టం మాట కూడా తెలుసుకోవాలె. 1966లో పార్లమెంటు బీడీ, సిగార్ కార్మికుల చట్టం చేసింది. ఆకు, తంబాకు ఇచ్చేకాడ, బీడీలు తీసేసేకాడ, తీసేసినవాటి కూలికాడ తగాదా వస్తే దాన్ని తేల్చేందుకు ఒక అధికారి ఉండాలని, 2025 దాకా అమలులో ఉన్న ఆ చట్టంలో ఉండేది. అంటే ఇది పెద్ద సమస్య అని 60 ఏళ్ల కిందనే సర్కారుకు తెలుసు. ఆ చట్టం కింద కొన్ని రాష్ట్రాలు పెట్టుకున్న నియమాల్లో, మామూలుగా నూటికి రెండున్నర కన్న ఎక్కువ తీసేయొద్దని కూడా ఉండేది. వెయ్యికి రెండున్నర శాతం అంటే 25, సరిగ్గా ఒక కట్ట.

కానీ ఆ 25 అనే గీత వేరే, మా 33 అనే గీత వేరే. ఈ తేడా తెలియకపోతే పాఠమంతా తలకిందులైతది. 25 అనేది మనుషులు కూర్చొని పెట్టుకున్న హద్దు, అది ఎంత ఉండాలో చెప్తది. 33 ఎవరూ పెట్టింది కాదు, పని లెక్కలోంచి వచ్చింది, అది ఎంత దాకా ఊగుతదో చెప్తది. మా ఇరవై రోజుల్లో 29, 27 వచ్చిన రెండు రోజులు 25ను దాటినయి, అయినా 33 లోపలనే ఉన్నయి. అంటే ఇదే ఆకు, ఇదే పద్ధతి ఉన్నన్ని రోజులు అప్పుడప్పుడు 25 దాటుతనే ఉంటది. మనిషిని తిట్టినా, బతిమాలినా ఆగదు. దాటొద్దంటే సగటునే 20 నుంచి కిందికి తేవాలె. అది మంచి ఆకు ఇచ్చినోళ్ల చేతిలో ఉంటది, చుట్టేటోళ్ల చేతిలో కాదు.

వడ్ల కాడ కూడా ఇదే. జగిత్యాల జిల్లాలో వరి వేసినోళ్లకు 17 అనే అంకె నిద్రల కూడా గుర్తుంటది. సర్కారు కొనుగోలులో తేమ 17 శాతం మించొద్దు. అది కొనేవాళ్ల హద్దు. కుప్పలో పైన ఒక తేమ, అడుగున ఒక తేమ, నీడ దిక్కు ఇంకో తేమ ఉంటది. ఒక్క పిడికెడు గింజలు మీటరులో పోసి 17.6 వచ్చిందని ఇంకో రెండు దినాలు ఆరబెట్టుకొమ్మంటే, ఆ 0.6 కుప్పదా, ఆ పిడికెడుదా అనేది అడగాలె. ఐదు చోట్ల నుంచి తీసి సగటు చూస్తే, ఊగుడు ఒక్క చోటు కొలతలో ఉన్నదానిలో సగం కన్న తక్కువైతది. ఇది కోపంతో అడిగేది కాదు. "సార్, ఇంకో నాలుగు చోట్ల చూద్దాం" అని అడిగేది. మన నాయినలు అడగడానికి మొహమాటపడతరు. మనం పక్కన నిలబడి అడగొచ్చు.

ఇక సిరిసిల్ల. అక్కడ మరమగ్గాలను సాంచాలు అంటారు. ఎక్కువ భాగం పాలిస్టర్ బట్ట. 2017లో రాష్ట్ర సర్కారు బతుకమ్మ చీరలు మొదలుపెట్టినంక ఆ ఆర్డర్లతో సాంచాలు రాత్రింబగళ్లు నడిచినయి. బట్ట నాణ్యతలో చూసేవాటిలో ఒకటి, ఇంచుకు ఎన్ని పేక పోగులు పడ్డయి అనేది. అడ్డం పోగును వాళ్లు పిక్కు అంటారు. కూలి లెక్క కూడా పిక్కుల మీదనే నడుస్తది. చిన్న భూతద్దం పెట్టి పోగులు లెక్కపెడతరు.

ఇది బీడీల లెక్క తీరు కాదు. అక్కడ మంచిది, చెడ్డది అని రెండే. ఇక్కడ కొలత ఉంటది. కాబట్టి చార్టు కూడా వేరే ఉంటది, ఎక్స్‌బార్, ఆర్ చార్టు అంటారు. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక సాంచా బట్టలో ప్రతి పూట ఐదు చోట్ల పోగులు లెక్కపెట్టినం అనుకోండి. ఆ ఐదింటి సగటు ఒక చుక్క. ఐదింటిలో పెద్దదానికి, చిన్నదానికి ఉన్న తేడా ఇంకో చుక్క. చాలా పూటలు చూసినంక సగటుల సగటు 52, తేడాల సగటు 2 వచ్చిందనుకుందాం. ఐదేసి కొలతలకు పుస్తకంలో ఇచ్చిన అంకె 0.577. దాన్ని 2తో గుణిస్తే 1.15. అంటే గీతలు 50.85, 53.15. తేడాల చార్టుకు అంకె 2.114, దాని పై గీత 4.23. ఈ లోపల చుక్కలు ఊగుతున్నన్ని రోజులు సాంచాను ముట్టుకోవద్దు. పూటకోసారి మెకానిక్‌ను పిలిచి పళ్ల చక్రం అటు ఇటు తిప్పితే ఊగుడు ఇంకా పెరుగుతది. వంద ఏళ్ల కింద టెలిఫోన్ ఫ్యాక్టరీలో జరిగిందీ అదే.

చుక్క గీత దాటకపోయినా ఒకటి గమనించాలె. వరుసగా ఎనిమిది చుక్కలు మధ్య గీతకు ఒక్క పక్కనే పడితే ఏదో మారిందని అర్థం. ఒక్క పక్కనే ఎనిమిది సార్లు ఊరికే పడుడు, బొమ్మ బొరుసులో ఎనిమిది సార్లు వరుసగా బొమ్మ పడ్డట్టు.

మా అన్నకు బట్టలో తేడా వచ్చినప్పుడు డ్యామేజీ కింద కూలిలో కోత పడుతది. అన్నను మేము అడిగింది ఒక్కటే: ఆ రోజు నీ సాంచాలకే వచ్చిందా, షెడ్డంతటికీ వచ్చిందా? అన్న ఆలోచించి, కరెంటు వోల్టేజీ పడిపోయిన రాత్రి అందరికీ వస్తదని, నూలు కొత్త లాట్ వచ్చినప్పుడు కూడా అందరికీ వస్తదని చెప్పిండు. ఒక్క సాంచాకే వస్తే ఆ సాంచా సంగతి చూడాలె. అందరికీ వస్తే అది మనిషి తప్పు కాదు. నూలు కొనేది అన్న కాదు, సాంచా ఏ కాలందో నిర్ణయించేది అన్న కాదు, కరెంటు ఇచ్చేది అన్న కాదు.

షూహార్ట్ దగ్గర నేర్చుకున్న డెమింగ్ అనే ఆయన దీన్ని ఒక ఆటతో చూపించేవాడు. 3200 తెల్ల పూసలు, 800 ఎర్ర పూసలు ఒక డబ్బాలో కలిపి, 50 గుంటలున్న పలకతో తీయమనేవాడు. ఎర్రవి తీస్తే తప్పు. తక్కువ తీసినవాళ్లను మెచ్చుకునేవాడు, ఎక్కువ తీసినవాళ్లను ఉద్యోగంలోంచి తీసేస్తానని బెదిరించేవాడు. మేము హాస్టల్ మెస్సులో 400 మక్కలు, 100 కందులు కలిపి జూనియర్ తమ్ముళ్లతో ఆడించినం. కళ్లు మూసుకొని 50 గింజలు తీయాలె. ఒక తమ్మునికి 6 కందులు వచ్చినయి, ఇంకొకనికి 14. 14 వచ్చినోన్ని మేము గట్టిగ తిట్టినం. వాడు, "అన్నా, నేనేం చేసిన? డబ్బాలనే ఉన్నయి గదా కందులు" అన్నడు. ఇంత పెద్ద పాఠాన్ని ఆ తమ్ముడు ఒక్క ముక్కలో చెప్పిండు. లెక్క వేస్తే ఆ ఆటలో సగటు 10, గీతలు 1.5, 18.5. ఇద్దరూ లోపలనే ఉన్నరు. సమస్యల్లో, మెరుగుపరిచే అవకాశాల్లో నూటికి 94 పద్ధతిలోనే ఉంటయని, అది యాజమాన్యం బాధ్యతని డెమింగ్ తన అనుభవం మీద అంచనా వేసిండు.

ఈ చదువు మనకు దూరం అనుకోవద్దు. షూహార్ట్ స్వయంగా 1947-48లో మన దేశానికి వచ్చిండు. కలకత్తాలో మహలనోబిస్ 1931లో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఆయన్ను పిలిచింది. ఆ తర్వాతనే మన దేశంలో ఫ్యాక్టరీల్లో ఈ పద్ధతి బాగా పాకింది. అదే సంస్థను తర్వాత నడిపినవాళ్లలో సి.ఆర్. రావు గారు ఉన్నరు. తెలుగు కుటుంబం, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి కలకత్తా పోయి ప్రపంచంలోనే పెద్ద స్టాటిస్టిషియన్ అయ్యిండు. 2023లో, 102 ఏళ్ల వయసులో చనిపోయిండు. ఆ సంస్థకు హైదరాబాద్ హబ్సిగూడలో కూడా కేంద్రం ఉన్నది. అక్కడ పనే నాణ్యత లెక్కలు. ఇంటర్ ఎంపీసీ తమ్ముళ్లు, చెల్లెళ్లు బి.స్టాట్ ఎంట్రెన్స్ గురించి, డిగ్రీ వాళ్లు పై కోర్సుల గురించి తెలుసుకోండి. ఎస్టీ రిజర్వేషన్ ఉన్నది, స్టైపెండ్ కూడా ఉంటది. మన గ్రూపులో పోలీసు, గ్రూప్స్, టీచర్ నోటిఫికేషన్లు అందరూ పెడతరు, ఇది ఎవరూ పెట్టరు కాబట్టి రాస్తున్నం.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలె. చుక్కలన్నీ గీతల లోపల ఉంటే పని బాగున్నట్టు కాదు, ఒక్క తీరుగ ఉన్నట్టు మాత్రమే. రోజుకు 20 బీడీల కూలి పోవుడు ఒక్క తీరుగ పోతున్నా పోవుడే. ఇంకోటి, ఈ బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పని చేస్తది. యజమాని ఒక్కడే పెట్టుకుంటే "నువ్వు సగటు కన్న తక్కువ" అని మనిషిని వెంటపడేందుకు కూడా వాడొచ్చు. ఎంతమంది ఉన్నా కొందరు సగటు కన్న తక్కువనే ఉంటరు కదా. అందుకే లెక్క మన దగ్గర కూడా ఉండాలె. బీడీల పని మంచిదని కూడా మేము అంటలేం. తంబాకు దుమ్ముతో యాడి దగ్గు మేము రోజూ విన్నదే. ఆ పని చెయ్యాల్సిన అవసరం లేని రోజు రావాలె. వచ్చేదాకా చేసినదానికి కూలి పూర్తిగా రావాలె.

చదువుల గురించి ఒక్క మాట. మార్కులు బీడీలు కావు, పేపరు ప్రతిసారీ మారుతది, కాబట్టి మార్కుల మీద ఈ గీతలు అట్లనే గీయలేం. కానీ బుద్ధి అదే. ఒక్క ఇంటర్నల్‌లో మార్కులు తగ్గినయని సంచి సర్దుకొని ఇంటికి పోయిన తమ్ముళ్లను మేము చూసినం. మొదటి తరం చదువుకు వచ్చినోళ్లకు ఒక్క చుక్క కింద పడితే "మనకు ఇది రాదేమో" అనిపిస్తది, ఎందుకంటే ఇంట్ల పోల్చుకోవడానికి ఇంకో చుక్క లేదు. ఒక్క చుక్క చూసి నిర్ణయం తీసుకోవద్దు. ఐదారు చూడండి. అన్నీ కిందనే ఉంటే అప్పుడు కారణం వెతకండి: పుస్తకం లేదా, ఇంగ్లిష్ మీడియం భయమా, కళ్లద్దాలు కావాల్నా. కారణం దొరికితే సీనియర్లకు చెప్పండి.

చివరగా, ఇంట్ల చెయ్యాలనుకునేవాళ్లకు పద్ధతి:

1. ఒక్క తీరు లెక్కనే తీసుకోండి. రోజూ వెయ్యి బీడీలంటే వెయ్యే. ఒకరోజు 600, ఒకరోజు 1000 అయితే ఈ గీతలు పనికిరావు, వేరే లెక్క వెయ్యాలె.

2. కనీసం 20 రోజులు, వరుసగా, తేదీతో రాయండి. ఆ రోజు ఆకు మారిందా, కరెంటు పోయిందా, ఒంట్లో బాగలేదా అని పక్కన ఒక్క ముక్క రాయండి. తర్వాత కారణం వెతికేటప్పుడు అదే పనికొస్తది.

3. సగటు తీయండి. వెయ్యిలో దాని భాగం తీయండి. 1000ని ఆ భాగంతో, మిగిలిన భాగంతో గుణించి వర్గమూలం తీయండి. మూడింతలు చేసి సగటుకు కలపండి, సగటులోంచి తీసేయండి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

4. గీతలు ఒక్కసారి గీసినంక మీకు నచ్చినట్టు జరపొద్దు. ఆకు, పద్ధతి మారితేనే కొత్తగా గీయాలె.

5. గీత దాటినా, ఒక్క పక్కనే ఎనిమిది వచ్చినా పక్కింటోళ్లను అడగండి. మీ ఒక్కరికేనా, అందరికా అనేదే మొదటి ప్రశ్న.

6. గీత దాటుడు కూడా వెయ్యి రోజుల్లో దాదాపు మూడు రోజులు ఊరికే జరగొచ్చు. కాబట్టి దాటిన వెంటనే కొట్లాటకు పోవద్దు, ముందు కారణం చూడండి.

కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్, సారంగాపూర్, వీర్నపల్లి, రుద్రంగి దిక్కు నుంచి ఎవరైనా 20 రోజుల లెక్క ఫొటో తీసి పంపితే మేము చార్టు గీసి పంపుతం. పైసలేం వద్దు. ఆకు లెక్క అయినా, బీడీల లెక్క అయినా, సాంచాల లెక్క అయినా సరే. వేర్వేరు ఊళ్ల లెక్కలు పక్కపక్కన పెడితే, ఏ వారం ఆకు ఎక్కడెక్కడ చెడ్డగా వచ్చిందో తెలుస్తది. ఒక్క ఇంటి నోటుబుక్కు చూసి నవ్విన ఆయనే నాలుగు బుక్కులు చూసి ఆకు మార్చిండు. నలభై బుక్కులుంటే కూలి సంగతి కూడా అడగొచ్చు.

 ఎక్కడైనా అర్థం కాకపోతే అడగండి, మళ్లీ చెప్తం.